జగర్నాటు శబ్ద విమర్శనము

పూనా నుండి మచిలీపట్టణమునకు బోవు 65వ సంఖ్య గల జాతీయ రహదారి, సంగారెడ్డి దాటి పటాన్‌చెరువును సమీపించుచోట, ముత్తంగి యొద్ద, హైదరాబాదు నగరమును జుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుతో గలియుచున్నది. పరిశ్రమల ప్రదేశ మగుటచే సరకు బండ్లు రేయింబవళ్లు నా కూడలిని విడువవు. జనులు వానికి బెట్టుకొన్న పేర్లు పెక్కులు. లారీ, టిప్పరు, ట్రాలీ, ట్యాంకరు, కంటైనరు, డీసీఎం అని బండి యాకారమును బట్టియు, మోయు సరకును బట్టియు, చేసినవారి పేరును బట్టియు వ్యవహరించుచుందురు. ఇంగ్లండు దేశమున నిట్టి సరకు బండ్లలో మిక్కిలి పెద్దవానికి జగర్నాటు అని పేరు. తెలుగు రహదారులపై నా పేరు వినబడదు. అయినను నా శబ్దమునకు మూలమైన నామము పూరీ క్షేత్రమున వెలసిన దేవునిది. ఆ నామమును మొదట నింగ్లీషు గ్రంథమున కెక్కించిన ప్రయాణము బయలుదేరినది ముత్తంగి మీదుగా బోవు నీ రహదారి తుదనున్న మచిలీపట్టణము నుండియే.

శబ్దము దేశాంతరముల దిరిగి యింటికి మరలి వచ్చునప్పుడు దానిని గుర్తుపట్టి సంతోషించుట సహజము. ఇంగ్లీషు పత్రికలలోను పాఠ్యగ్రంథములలోను ఈ శబ్దము కనబడగనే తెనిగించువారు మూలము దొరకినదని యుత్సహించి జగన్నాథరథ మని వ్రాయుట గలదు. ఎన్నికలలో వరుసగా గెలుచు పక్షమును, ఆటలలో నోటమి యెఱుగని జట్టును, ఎదురు వచ్చినదాని నెల్ల నలగద్రొక్కి పోవు సైన్యమును నింగ్లీషువారు జగర్నాటు అన్నప్పుడు తెలుగున జగన్నాథరథ మనుట సరియగునా యనునది విచారణీయము. వ్యుత్పత్తి యొకటి, ప్రవృత్తి మఱియొకటి యని శాబ్దికులు చిరకాలమునుండి చెప్పుచునే యున్నారు. ఈ శబ్దమున నా రెంటి నడుమ నొక యపవాదము దాగియున్నది. దానిని బరిశీలింపక శబ్దమును మరల గైకొనుట యపవాదమును గూడ గైకొనుట యగును.

ముందుగా రూపవిచారము. జగత్, నాథ యను నవయవములు కలసి తకారమునకు నకార మాదేశమై జగన్నాథ యగుట పాఠశాల బాలురును నెఱిగినదే. హిందీ మున్నగు భాషలలో నంత్యమైన యకారము లోపించి జగన్నాథ్ అని వినబడును. ఇందలి హ్రస్వాకారమును వ్రాయుటకు ఇంగ్లీషు లిపిలో దగిన యక్షరము లేదు. వారి మొదటి యచ్చును వాడినచో బలుకుబడి పలుపోకల బోవును గాన, బ్రాచీనులైన కంపెనీ లేఖకులు 'యు' అను నక్షరమును వాడిరి. పండిత శబ్దము నట్లే వ్రాసిరి. ఒడ్డెపు రాజధాని యైన కటకము నట్లే వ్రాసిరి. పంజాబు నేటికిని నట్లే వ్రాయబడుచున్నది. జగన్నాథములోని మొదటి యకారమునకును గలిగినది యీ గతియే. రెండవ యకారమునకు మాత్రము 'ఇ, ఆర్' అను రెండక్షరములు వచ్చినవి. ఇంగ్లండున బ్రచురమైన పలుకుబడిలో హల్లునకు ముందున్న రేఫ ముచ్చరింపబడదు. కావున నా రేఫము వినుటకు గాదు, చూచుటకు మాత్రమే. దాని నచ్చముగా రేఫమే యని పలికి జగర్నాటు అనుట భారతదేశపు బడులలో బుట్టిన సంప్రదాయము. నకార ద్విత్వము పోయి గకార ద్విత్వము వచ్చుట ముందరి యచ్చు హ్రస్వమని తెలుపుటకు. థకారము టకార మగుట యింగ్లీషు నాలుకకు నట్టి మహాప్రాణము లేకపోవుటచేత. ఇంత మాఱినను నవయవములు చెదరలేదు. పండితుడు పండిట్ అయినంత మాత్రమే యిదియు.

శబ్దసామ్యమును జూచి మోసపోవుట లెన్నియో గలవు గనుక నీ జాగ్రత్త యవసరము. ముత్తంగి యనగానే వైష్ణవులకు భద్రాచలమున జరుగు ముత్తంగిసేవ, అనగా స్వామికి ముత్యముల యంగి తొడుగు సేవ, తలపునకు వచ్చును. అంతమాత్రమున బటాన్‌చెరువు ప్రక్కనున్న యూరి పేరును ముత్యములతో ముడివేయుట నిరుక్తము గాదు, వినోదము. జగర్నాటు విషయమున నట్టి వినోదమునకు జోటు లేదు. అడుగడుగునకు వ్రాతలు గలవు.

ఇక నర్థము. జగత్తనగా జరించునది, గమనార్థక ధాతువునుండి పుట్టినది. దానికి నాథుడు జగన్నాథుడు. దేవుని పేరు దేవు డెక్కిన తేరునకు వచ్చుట యాధారాధేయ సంబంధముచే గలిగిన లక్షణ. మంచములు కేకలు వేయుచున్నవి యని యాలంకారికులు చూపు నుదాహరణమున మంచము పేరు దానిపై నున్నవారికి వచ్చినది. ఇచట దలక్రిందు: పైనున్న వాని పేరు క్రిందిదానికి వచ్చినది. అంతట నది తేరుపేరు గాక తేరు చేయునని చెప్పబడిన క్రియకు, అనగా నలగద్రొక్కుటకు, బేరయ్యెను. అటుపిమ్మట నలగద్రొక్కు నేదేని శక్తికిని, కడపట నూళ్ల సందులలో నిల్లు లదరునట్లు పోవు పెనులారీకిని బేరయ్యెను.

బండ్లకు బరుల పేర్లు వచ్చుట వింత గాదు. ముత్తంగి కూడలిలో బలుకబడు డీసీఎం అను పేరు నరయుడు. దిల్లీ క్లాత్ మిల్స్ అను బట్టల మిల్లు సంస్థ పేరున మొదటి యక్షరములవి. ఆ సంస్థ 1980 తరువాతి దశకమున జపాను దేశపు టొయోటా సంస్థతో గలసి చిన్న సరకు బండ్లు చేయించెను. ఆ కూటమి పోయినది. ఆ ముద్రతో గ్రొత్త బండ్లు వచ్చుట నిలిచినది. తెలంగాణమున మాత్రము నడితరపు లారీ యేది యైనను, ఎవరు చేసిన దైనను, డీసీఎమే. నేత మిల్లు పేరు సరకు బండి పేరైనది. మన్ను ద్రవ్వు యంత్రమునకు జేసీబీ యను పేరును నట్టిదే. 1945లో నింగ్లండున సంస్థను స్థాపించిన జోసెఫ్ సిరిల్ బాంఫర్డ్ అను నాతని పేరి తొలి యక్షరములవి. ఇవి రూఢిలక్షణలు. దర్భలు గోయువానికి జెల్లిన కుశల శబ్దము నేర్పరికి రూఢమైనట్లు, ఈ పేర్లు వాడునప్పుడు మిల్లుగాని యా దొరగాని యెవరికిని దలపునకు రారు. జగర్నాటు ప్రయోజనలక్షణ. అది పలికినవాడు క్రౌర్యమును, అంధత్వమును, అనివార్యత్వమును దెలుప గోరుచున్నాడు. ప్రయోజనమునకు బునాది యొక కథ: భక్తులు తమంత దామై తేరి చక్రముల క్రింద బడి చచ్చుదురని. కథ తప్పైనచో లక్షణకు గాలు విఱుగును.

ఆ కథ యెచట బుట్టెనో చూచినవారికి నాశ్చర్యము గలుగక మానదు. పూరీలో గాదు. ఇటలీదేశీయుడును ఫ్రాన్సిస్కన్ సన్న్యాసియు నైన పోర్దెనోనె ఓడొరిక్ అనువాడు 14వ శతాబ్ది ప్రథమపాదమున దక్షిణ హిందూస్థానము జూచి, 1330లో దన యాత్రను జెప్పి వ్రాయించెను. అందు రథోత్సవ వర్ణనమున్నది. చక్రముల క్రింద బడువారి ప్రస్తావమున్నది. కాని యది మాబారు దేశమున, అనగా జోళమండల తీరమున, సెయింటు తోమాసు సమాధి గల ప్రాంతమున జెప్పబడినది. జగన్నాథుని పేరు నచట లేదు. ఆ శతాబ్దమునందే మాండవిల్ పేర వెలసిన కట్టుకథల యాత్రాగ్రంథము ఓడొరిక్ మాటలను గొల్లగొట్టి యైరోపా భాషల నన్నిట వ్యాపింపజేసెను. పూరీకి వచ్చిన ప్రతి పాశ్చాత్యుడును నా తీరు కథను జెవిలో బెట్టుకొనియే వచ్చెను. కంటితో జూచినదానికంటె నింట జదివినది బలవత్తర మగుట యాత్రాగ్రంథములకు సహజమైన వ్యాధి.

ఇంగ్లీషువారిలో బేరు మొదట గ్రంథస్థము చేసినవాడు విలియం బ్రూటన్. 1633లో మచిలీపట్టణము కొఠీ నుండి యొడ్డెదేశమునకు వర్తకము కొఱకు బోయిన గుంపులోనివాడు. కటకమునకు బోయి వచ్చి, 1638లో లండనున దన వృత్తాంతమును బ్రకటించెను. అందు జగన్నాథుని పేరు నేటి యింగ్లీషు రూపమునకు మిక్కిలి చేరువగ నున్నది. మచిలీపట్టణమున నా కాలమున గోలకొండ సుల్తాను లేలుచుండిరి. కొఠీకి దెలుగు దుబాసీలు, తెలుగు నావికులు నండ. ఇంగ్లీషు నిఘంటువులు బ్రూటన్ పేరు చెప్పి యూరకుండును. అతడు బయలుదేరిన రేవు తెలుగు రేవని చెప్పుట తెలుగువారి పని.

శబ్దము సాధారణ జనుల నోటి కెక్కినది మాత్రము 19వ శతాబ్దారంభమున. 1803లో నింగ్లీషువా రొడ్డెమును జయించిరి. యాత్రికులపై బన్ను విధించి యాలయపాలనమున జేయి పెట్టిరి. క్రైస్తవ మతబోధకులకు గంపెనీ యిట్లు విగ్రహారాధనకు దోడ్పడుట గిట్టలేదు. క్లాడియస్ బుకానన్ అను పాదిరి 1806లో బూరీ రథోత్సవము జూచి, 1811లో బ్రకటించిన గ్రంథమున జగన్నాథుని బైబిలులోని నరబలి దేవతయైన మోలెకుతో బోల్చెను. అతని యసలు వాదము కంపెనీతో. దెబ్బ తిన్నది దేవుడు. బుకానన్ వర్ణనలు ప్రార్థనామందిరములలో జదువబడెను, చిన్న పుస్తకములుగ బంచబడెను. యాత్రికుల పన్ను 1840లో రద్దయినది. వాదమునకు గారణము తీఱినను వాదమున బుట్టిన శబ్దము మిగిలినది.

ఎదిరిసాక్ష్యము లేకపోలేదు. అది యింగ్లీషువారిదే యగుట విశేషము. కటకమున నధికారిగా నున్న ఆండ్రూ స్టిర్లింగ్ 1825లో వ్రాసినదానిని బట్టి, అతడు నాలుగేండ్లు వరుసగ రథోత్సవము జూడగా మూడు మరణములు మాత్రము సంభవించినవి. అందొకటి ప్రమాద మనియు, తక్కిన యిరువురు దుర్భరమైన వ్యాధులచే జిరకాలము బాధపడినవా రనియు నతడు చెప్పెను. లక్షలాది జనులు గూడు నుత్సవమున నిది బలియందురా? 1872లో ఒడ్డెదేశ చరిత్రము వ్రాసిన విలియం విల్సన్ హంటర్ మఱియు స్పష్టముగ మాటాడెను: ఆత్మహత్య వైష్ణవమతమునకు విరుద్ధమైనది, ఆలయమున బ్రమాదవశమున నొక ప్రాణి చచ్చినను నాలయ మపవిత్ర మగును, అట్టిచోట రక్తముచే దేవుడు తృప్తుడగు నను మాట పొసగదు. యూల్, బర్నెల్ అనువారు 1886లో బ్రకటించిన ఆంగ్లేయ హిందూస్థానీ పదకోశమున నీ సాక్ష్యములలో బెక్కులను నొకచోట జేర్చిరి. ఆ కోశ మింగ్లీషు పండితు లందఱి యలమారలలో నున్నది. చదివినవారు కలరు, విన్నవారు లేరు.

తేరి క్రింద నెవ్వరును జావలేదని చెప్పుట సత్యము గాదు. అది వేఱొక యతిశయోక్తి. జనసమ్మర్దమున బ్రమాదములు నేటికిని గలవు. 2025 జూను 29న గుండిచా మందిర సమీపమున దొక్కిసలాటలో మువ్వురు మరణించిరి. అట్టివానికి గారణము కట్టుదిట్టముల లోపము. దానిని భక్తుల యాత్మబలి యని చెప్పినవాడు శవపరీక్ష చేయక తీర్పు చెప్పినవాడు.

ఇంగ్లీషు సాహిత్యమున శబ్దము నడక నొక మాటలో జెప్పవచ్చును. షార్లెట్ బ్రాంటీ 1847లో వ్రాసిన జేన్ ఐర్ నవలలో గపటభక్తుడైన బడి యజమాని యనాథబాలికను నిందించుచు నామెను జగర్నాటునకు మ్రొక్కు నన్యమతస్థ బాలికకంటె జెడ్డదానినిగ జేయును. అచట నది యింకను విగ్రహమే. 1886లో స్టీవెన్సన్ వ్రాసిన జెకిల్, హైడ్ కథలో రాత్రివేళ వీథిలో నొక పసిపిల్లను ద్రొక్కి పోయిన హైడు జగర్నాటు వంటివాడు. విగ్రహము పోయి పాదము మిగిలినది. ఈ రెంటి నడుమ, 1867లో, కారల్ మార్క్స్ మూలధన గ్రంథమున గార్మికుని యాలుబిడ్డలు మూలధనమను జగర్నాటు చక్రముల క్రింద కీడ్వబడుచున్నా రని వ్రాసెను. 20వ శతాబ్ది ద్వితీయార్ధమున నైరోపా నుండి పెద్ద పెద్ద సరకు బండ్లు ఇంగ్లండు పల్లెల సన్నని దారుల బోవజొచ్చినప్పుడు పల్లెవాసులు కోపముతో నా పేరు వానికి బెట్టిరి. అమెరికావారికి నీ లారీ యర్థము తెలియదు; వారికి జగర్నాటు అనగా నడ్డులేని బలము.

ఇంగ్లీషు శబ్దమున నున్నదానికి బూరీలో నున్నదానికి గల యంతరము చూపుటకు వాదము గూడ నక్కఱలేదు. తేరిని జూచిన జాలును. ఆషాఢ శుద్ధ విదియనాడు కదలు తేరులు మూడు. జగన్నాథునిది నందిఘోషము, చక్రములు పదునాఱు. బలభద్రునిది తాళధ్వజము, చక్రములు పదునాలుగు. సుభద్రది దర్పదలనము, చక్రములు పండ్రెండు. ఏటేటను గ్రొత్త మ్రానితో జేయుదురు. గుఱ్ఱములు కొయ్యబొమ్మలు, లాగునది జనులు. త్రాళ్లు విడిచిరా తేరు నిలుచును. ఇంగ్లీషు జగర్నాటునకు దనంత దానుగ బోవుటయే లక్షణము. పూరీ తేరునకు దనంత దాను పోలేకుండుటయే లక్షణము. పదివేలమంది చేతులు గలిసినగాని యడుగు వేయని వస్తువును నియంత్రణ లేని యంధశక్తికి నుపమానము చేయుట యుపమాదోషములలో నెన్నదగినది. ఆ దినమున బూరీ రాజగు గజపతి బంగారు చీపురుతో దేరి యరుగు నూడ్చును. ఆలయములోనికి రానివారికి, రానీయనివారికి గూడ దేవుడు తానై వీథికి వచ్చి కనబడుట యుత్సవార్థము. సింహద్వారమున బయటివారికి గనబడునట్లు నిలిపిన మూర్తికి బతితపావనుడని పేరు. ఈ పేరు పాఠకుడు మనసున నుంచుకొనుట మంచిది.

ఈ తేరు తెలుగువారికి బరాయిది గాదు. ఆ యాలయమును గట్టనారంభించిన యనంతవర్మ చోడగంగదేవుని రాజధాని కళింగనగరము, నేటి శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగము. ముఖలింగాలయపు గోడలపై సంస్కృత శాసనములతోబాటు తెలుగు శాసనములు గలవు. తేరు శబ్దము తెలుగు, కన్నడ, తమిళములకు సాధారణమైన దేశ్యము. రథ శబ్దము చక్రార్థకమైన లాటిను రోటా శబ్దమునకు దోబుట్టువు; ఇంగ్లీషువారి రోటరీయు నా యింటిదే. ఇంగ్లీషువారు దేవుని తేరిని గారు అనియు, తేరునాటి యుత్సవమును గారు పండుగ యనియు వ్రాయుచుండిరి. ఆ కారునకును నేడు వీథిలో దిరుగు కారునకును మూలమొకటే, గాలు జాతివారి బండి పేరు. ఆ మాట యెవ్వరిని నొప్పింపదు గనుక దానినిగూర్చి యింత చాలును.

ఆధునికాంధ్ర కవిత్వమున జగన్నాథుని చక్రముల నెల్లరు నెఱుగునట్లు చేసినది శ్రీశ్రీ. 1950లో నచ్చుపడిన మహాప్రస్థాన సంపుటమున జగన్నాథుని రథచక్రా లను ఖండిక యున్నది. గ్రాంథికాభిమానుల కా కవి భాషపై నెన్ని యాక్షేపణము లున్నను నీ ఖండిక యర్థము విచారింపక తీఱదు. పశ్చిమమున జగర్నాటు చక్రమనగా బీదల నలుపునది యను రూఢి, మార్క్స్ వ్రాతలతో సహా, గట్టిపడియున్న కాలమున సామ్యవాద పక్షపాతియైన కవి యా చక్రములనే పేర్కొనెను. కాబట్టి యింగ్లీషు రూఢినే తెలుగున దించెనని కొంద ఱనవచ్చును. ఖండికలో బ్రళయధ్వని యున్నది, భూకంపమున్నది. ఇవి యాలయపు టుత్సవ చిహ్నములు గావని వారి హేతువు. హేతువు సత్యమే, నిగమనము గాదు.

చక్రముల క్రింద నున్న దెవరను ప్రశ్న నడిగిన విషయము తేలును. ఇంగ్లీషు రూఢిలో జక్రముల క్రింద నున్నవాడు భక్తుడు. మార్క్స్ వాక్యమున గార్మికుని కుటుంబము. శ్రీశ్రీ ఖండికలో బతితులు, భ్రష్టులు, బాధాసర్పదష్టులు చక్రముల క్రింద లేరు. కవి వారిని సంబోధించి యూఱడించుచున్నాడు; ఆ చక్రములు వచ్చుచున్నది వారి కొఱకు. ఆకాశమున బోవుచున్న తేరిని భూమార్గమునకు దింపుదునని ప్రతిజ్ఞ. భూమి యదరినచో నదరునది వారిని బడద్రోసిన వ్యవస్థ. ఇంగ్లీషు శబ్దము తేరిని దేవునినుండి వేఱుచేసి జనులపై ద్రోలినది. ఈ ఖండిక తేరిని జనుల చేతికి మరల నిచ్చినది. పతితులను బిలుచుటతో నారంభించుట గూడ యాదృచ్ఛికమని తోచదు. పతితపావనుడను పేరు ఎఱిగిన పాఠకునికి నా మొదటి పిలుపు పూరీ సింహద్వారమున వినబడినట్లుండును. కవి దైవభక్తుడు గాడు. దేవుని దింపి తేరి నుంచుకొనెను. అయినను సంప్రదాయార్థమునకు మతబోధకుడైన బుకానన్ కంటె నాస్తికుడైన కవియే చేరువ నుండుట సాహిత్యచరిత్రమున దఱచు గనబడని చోద్యము.

ఇట్లు తెలుగున జగన్నాథరథచక్రములు అను సమాసమునకు స్వతంత్రమైన కావ్యార్థ మేర్పడియుండగా, ఇంగ్లీషు జగర్నాటునకు దానిని బర్యాయముగ వాడినచో రెండు నష్టములు. ఒకటి, దొరల పొరపాటు తెలుగువాని నోట దన దేవుని గూర్చిన మాటయై నిలుచును. రెండవది, ఖండిక చదువు విద్యార్థి దాని నింగ్లీషు రూఢిచే జదివి, కవి పతితుల మీదికి దేరు ద్రోలెనని తలపోయును. పాఠశాలలో నీ ఖండిక చెప్పు పండితునికి నిది యూహించిన ప్రమాదము గాదు. ఇంగ్లీషు నిఘంటువు చేతనున్న బాలు డడుగక మానడు.

పర్యాయములకు లోటు లేదు. వరుసగ గెలుచు జట్టుయొక్క జగర్నాటు తెలుగున జైత్రయాత్ర. పత్రికలవా రీ మాట నీ సందర్భమున బండితుల సలహా లేకయే వాడుచున్నారు. అణచివేయు పాలనమునకు, నిర్దయమైన వ్యవస్థకు, గానుగ యన్నను, రోలు రోకలి యన్నను, ఇనుపపాద మన్నను సందర్భమును బట్టి చెల్లును. ఇందేదియు బరుల దేవుని గాని తన దేవుని గాని నిందింపదు. నిఘంటుకారులు మాత్రము జగర్నాటు నొక పదముగను, జగన్నాథరథమును వేఱొక పదముగను జూపి, మొదటిదాని క్రింద నిది రెండవదాని వికృతరూప మనియు, నర్థము తప్పు వార్తచే గలిగిన దనియు వ్రాయవలెను. మూలము చెప్పి యర్థభేదము చెప్పనిచో నపవాదమునకు నిఘంటువు సాక్షి సంతకము చేసినట్లగును.

మిగిలినది లారీ యర్థము. దీనికి బెనులారీ యని సమాసము గల్పింపవచ్చును గాని, కల్పింప నక్కఱలేదు. రహదారిపై బండ్లు నడుపువారును, తూకపు కాటాల యొద్ద నుండువారును నట్టి బండ్లకు జక్రముల లెక్క చెప్పి పేరు పెట్టుకొన్నారు: పండ్రెండు టైర్ల లారీ, పదునాలుగు టైర్ల లారీ, పదునాఱు టైర్ల లారీ. పూరీ వడ్రంగులు సుభద్ర తేరిని, బలభద్రుని తేరిని, జగన్నాథుని తేరిని నేర్పఱచు లెక్కలును నివియే. ఇంగ్లీషు పత్రికలో దారి కడ్డముగ దిరుగబడిన జగర్నాటును గూర్చి చదివినవాడు తెలుగున బదునాఱు టైర్ల లారీ బోల్తాపడె నని వ్రాసిన ముత్తంగిలో నందఱకు నర్థమగును.